మిర్చి కల్లంలో కథల ముల్లె

మొన్న ఆదివారం ధర్మాబాద్ నుంచి తెలిసినవాళ్లు సంచెడు ఎండుమిరపకాయలు పంపారు. నాందేడ్‌లో మా ఫ్లాటుకు ఉన్న బాల్కనీ జానెడు. అందులోనే చాప పరుచుకుని, చేతులకు పల్లీనూనె రాసుకుని తొడిమెలు తీయడానికి కూర్చున్నాను. "ప్యాకెట్టు కారం కొంటే అయిపోతది గదా అమ్మా" అని మా అమ్మాయి ఏటా పోరుతుంది. ప్యాకెట్లో కారం ఎర్రగా ఉంటుంది, అంతే. ఆ సంగతి దానికి చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

తలుపు పక్కన కుర్చీలో మా మనవరాలు మూతి ముడుచుకుని ఉంది. కాలేజీలో కథల పోటీ పెట్టారట. పొద్దున్నుంచీ ఫోను చూస్తోంది, గోళ్లు కొరుకుతోంది, మళ్లీ ఫోను చూస్తోంది.

"మలా కాహీచ్ సుచత్ నాహీ, అమ్మమ్మా" అంది చివరికి. మరాఠీలో ఎత్తుకున్న మాట తెలుగులో దించడం మా ఇంట్లో మామూలే. "ఏం తోస్తలేదు. నువ్వు గన్ని కథలు రాస్తవు గదా, ఎక్కడికెళ్లి తెస్తవు?"

"ఇయ్యాల ఏం జూసినవ్?" అన్నాను.

"ఏం జూస్త? ఏం లేదు."

"అయితే నీది రేపియ్యి, బిడ్డా."

అనేసి నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. ఎన్ని ఏళ్లయిందో నేను దాన్ని బయటికి అని. చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. అంతలో ఘాటు ముక్కుకెక్కి వరసబెట్టి తుమ్ములు వచ్చాయి. నా మనవరాలు నవ్వింది. దాని నవ్వు విని, ఇంక చెప్పకుండా ఉండలేకపోయాను.

* * *

మా ఊరు ధర్మాబాద్‌కు దగ్గర. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో ఏది నోటికొస్తే అది. ఎండలు ముదిరేసరికి బడి పొద్దుటి పూటకు మారేది. మధ్యాహ్నం ఇంటికొస్తే ఊరంతా మిర్చి వాసన. ఇళ్ల వెనక, చేల గట్లమీద, ఎక్కడ చదునుగా జాగా ఉంటే అక్కడ ఎర్రగా ఆరబోసి ఉండేవి. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి అడుగు పెట్టగానే తుమ్మేవాడు. ఆ తుమ్ము విని "ఎవలో సుట్టం అచ్చిండు" అనేది మా నాయినమ్మ, ముఖం కూడా చూడకుండానే.

మా ఇంటి వెనక కల్లంలో గోనెపట్టాల పందిరి వేసేవాళ్లు. కాయలు ఆరాక, దాని కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమెలు తీసేవాళ్లు. కూలికి వచ్చేవాళ్లు, మా ఇంటివాళ్లు, చుట్టుపక్కలవాళ్లు అందరూ ఒకే వరస. సజ్జరొట్టె, పచ్చిమిర్చి దంచిన ఠేచా, ఉల్లిగడ్డ, కుండలో చల్ల. మిర్చి పనిలో కూర్చుని మళ్లీ మిర్చే తింటారా అని మా మనవరాలు అడిగింది. తింటాం. దాంట్లో ఉన్న రుచి దీనికి చెప్తే అర్థం కాదు.

ఆ వరసకు పెద్ద మా ఊరి చివర వాడ నుంచి వచ్చే ఒక అవ్వ. భూమి లేదు, బువ్వకు చేతులే ఆధారం. మనిషి సన్నగా, గొంతు మాత్రం బండెడు. ఆమె ఉంటే కల్లంలో పని రెట్టింపు సాగుతుందని మా బాపు ఆమెకోసం మనిషిని పంపేవాడు. ఎందుకంటే ఆమె కథ చెప్తుంది. ఎప్పటిదో విన్న కథ కాదు. కల్లం మొదలైన రోజు కొత్తగా ఎత్తుకుని, ఆఖరి బస్తా కుట్టే రోజుకు ముగించే కథ.

దానికి ఒక కట్టుబాటు ఉంది. వరసలో కూర్చున్న ప్రతి ఆడమనిషీ ముందుగా ముల్లె విప్పాలి. ముల్లె అంటే మూట. చేతిలో ఉండేది కాదు. ఆ పూట వచ్చే తొవ్వలో కంటబడ్డది ఏదో ఒకటి చెప్పాలి. పెద్ద సంగతి అక్కర్లేదు.

"కుమ్మరోళ్ల ఇంటి ముంగట ఎర్రకుక్క ఒకటే దిక్కు జూసుకుంట మొరుగుతుంది. ఆడ ఏం లేదు" అనేది ఒకామె.

"గాజులామె ఉత్తగంపతోని తిరుగుతుంది. అమ్ముడుపోయినయా అంటే నవ్వింది" అనేది ఇంకొకామె.

అవ్వ అన్నీ వినేది. ఒక్కోదానికి "అయితే?" అని ఒక ప్రశ్న వేసేది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. కాసేపటికి ఆ ఎర్రకుక్క, ఆ ఉత్తగంప అవ్వ కథలోకి వచ్చి కూర్చునేవి. తెచ్చినామె "అగో, నాదే! నాదే!" అని తొడ చరుచుకునేది. నా సంగతి ఎప్పుడు వస్తుందా అని నేను ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని.

ఆ ఏడాది కథలో ఒక ఆడమనిషి మిర్చి కల్లంలో పని చేస్తూ చేస్తూ లేచి, ఎవరికీ చెప్పకుండా మాహూర్ తొవ్వ పట్టింది. అక్కడ గుట్టమీద వెలసిన రేణుకమ్మ తల్లిని ఒకటి అడగాలని పోతోంది. ఏం అడుగుతుందో అవ్వ చెప్పదు. ఎంత బతిమాలినా "అమ్మోరి ముంగట నిలవడ్డంక ఆమెనే చెప్తది. గప్పటిదాంక నాగ్గూడ తెల్వది" అనేది. వరసలో వాళ్లు ఏమేమో ఊహించేవాళ్లు. మొగుడిమీద ఫిర్యాదు అని ఒకామె, బిడ్డ పెళ్లి అని ఒకామె.

ఆ వరస చివర మా చిన్నత్త కూర్చునేది. మా బాపు చెల్లెలు. బాబ్లీ పక్కన అత్తగారిల్లు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు నుంచి చిన్నత్త మాట్లాడటం మానేసింది. పెట్టింది తింటుంది, చెప్పిన పని చేస్తుంది, పిలిస్తే తలెత్తుతుంది. మాట మాత్రం లేదు. అంతకు ముందు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆమే. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊళ్లో ఎవరెట్ల నడుస్తారో, ఎవరెట్ల దగ్గుతారో చేసి చూపించేది. అలాంటి చిన్నత్త ఉన్నచోట చప్పుడు లేకపోవడం నాకు భయంగా ఉండేది. రోజూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని, ఏదైనా అంటుందేమోనని.

ముల్లె విప్పే వంతు ఆమె దాకా వచ్చినప్పుడు అవ్వ బలవంతపెట్టేది కాదు. రోజూ ఒకటే మాట: "నీది రేపియ్యి, బిడ్డా." అని కథ ఎత్తుకునేది. కథ ఊపందుకునేసరికి చిన్నత్త చేతులు ఆగేవి. తల కొద్దిగా పక్కకు వంచి వినేది. ఇంట్లో ఎవరి మాటకూ ఆ తల అలా వంగేది కాదు.

నాయినమ్మ అది కనిపెట్టింది. కల్లం ముగిశాక వచ్చి చిన్నత్తను తీసుకుపోతానని ఆమె పెనిమిటి, మా మామ, కబురు పెట్టాడు. మంచివాడే. కానీ నాయినమ్మకు నిద్ర పట్టేది కాదు.

"మాట లేని పిల్లను ఎట్ల తోలియ్యాలెరా?" అని మా బాపును పట్టుకుని ఏడ్చింది. "ఆ ఇంట్ల నలుగురు నాలుగు మాటలంటే ఇది అండ్లనే మునుగుతది. కథ ఇంటున్నప్పుడు ఒక్కటే దాని కండ్లల్ల పానం ఉంటుంది. అది సుత పోతే?"

* * *

పోనే పోయింది. ఒక పొద్దున ముద్ఖేడ్ నుంచి కబురు వచ్చింది. అవ్వ బిడ్డ మెట్లమీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది, పిల్లలకు వండిపెట్టే దిక్కు లేదు. అవ్వ ఉన్నపాటున రైలెక్కింది. కథలో ఆడమనిషి అప్పటికి మాహూర్ గుట్ట కనబడేంత దూరం వచ్చి వాగు ఒడ్డున నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం పందిరి కింద తొడిమెల చిటపటలు తప్ప ఏమీ లేవు. చిన్నత్త మిరపకాయలకేసి చూస్తూ కూర్చుంది. నాయినమ్మ చుట్టూ చూసింది. ఆమె కళ్లు నామీద ఆగాయి.

"బడికి పోతున్నవ్ గదనే. నువ్వు చెప్పరాదు కథ?"

నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. గొంతు సవరించుకున్నాను. బడిపుస్తకంలో రాజుల పాఠాలు చదివి ఉన్నానాయె. వాగు దాటగానే ఆ ఆడమనిషికి ఒక బంగారు కోట కనిపించిందన్నాను. కోటలో రాజకుమారుడు, తెల్ల గుర్రం, ముత్యాల పల్లకీ. నేను చెప్తూ పోతున్నాను, ఒకామె ఆవలించింది. ఒకామె "మాహూర్ కాడ కోటల ఇప్పుడు రాజు యాడుంటడే? కోతులుంటయి" అంది. నేను లెక్కచేయకుండా ఏనుగులను కూడా దింపాను.

చిన్నత్త లేచింది. కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. కథ మధ్యలో ఆమె అట్లా లేచిపోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం చల్లలో చేతులు ముంచుకుని మంట ఆర్చుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. నాయినమ్మ నన్నేమీ అనలేదు. నా వేళ్లు తుడుస్తూ, "గా గుర్రం నువ్వెప్పుడన్న జూసినవా?" అని మాత్రం అడిగింది.

చూడలేదు. మా ఊళ్లో గుర్రమే లేదు.

మర్నాడు బడి నుంచి వస్తుంటే కళ్లు నాలుగు దిక్కులా తిప్పుతూ నడిచాను. ఏదో ఒకటి కనబడకపోతే ఇంటికి పోకూడదని మొండిపట్టు పట్టాను. ఏమీ లేదు, ఎండ తప్ప. ఒర్రె దగ్గరికి వచ్చేసరికి అరుపులు వినిపించాయి. పక్క ఊరి మరాఠీ ఆసామి ఒకాయన బండి కట్టుకొచ్చాడు. ఎద్దు నీళ్లలో దిగబడి కదలడం లేదు. "చల్ రే రాజా, చల్ మాఝ్యా సోన్యా" అని బతిమాలుతున్నాడు, బుజ్జగిస్తున్నాడు, తలపాగా తీసి దండం కూడా పెట్టాడు. ఎద్దు చెవి కూడా ఆడించలేదు.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, "ఏ, పా బిడ్డా, పా" అంది. అంతే, ఎద్దు చక్కగా గట్టెక్కింది.

ఆసామి నోరు తెరిచాడు. "అరే బాప్ రే! హా తర్ తెలుగూ బైల్ ఆహే!" అన్నాడు, ఇది తెలుగు ఎద్దు అని. తర్వాత తెలిసింది, దాన్ని అంతకు ముందు వారమే నిజామాబాద్ దిక్కు అంగట్లో కొన్నాడట.

నేను నవ్వుకుంటూ ఇంటిదాకా ఉరికాను. ఉరుకుతూనే నాలో నేను అవ్వలాగా "అయితే?" అని అడుక్కున్నాను. అయితే, ఆ గడ్డిమోపు ఆమె బదులు మన మాహూర్ పోయే ఆమె ఉంటే? అయితే, ఆసామి సంతోషపడి బండిమీద ఎక్కించుకుంటే? బండి గుట్ట కిందికే పోతుంటే? ఇంటికి చేరేసరికి కథ నాకంటే ముందు నడుస్తోంది. కాళ్లు నేలమీద నిలవడం లేదు నాకు.

పందిరి కింద ఎద్దు సంగతి చెప్పగానే వరసంతా ఘొల్లున నవ్వింది. ఒకామె ఆసామిలాగా దండం పెట్టి చూపించింది. చిన్నత్త నవ్వలేదు. కానీ లేచిపోలేదు, చేతులు ఆగాయి. నాకు ధైర్యం వచ్చింది. బండి గుట్ట కింద దిగింది. ఆకలేసింది. ఊరికే ఎవరు పెడతారు? అక్కడొక మిర్చి కల్లం ఉంటే పనిలో కూర్చుంది. తొడిమెలు తీసింది. ఆ కల్లం పెద్దావిడ రొట్టె చేతిలో పెట్టి అడిగింది, "ఏం బిడ్డా, గింత దూరం ఒక్కదానివి ఎందుకచ్చినవ్?" అని.

ఆ తర్వాత ఏమిటో నాకూ తెలియదు. తెలియక, ఆమెను ఏడిపించాను.

"ఆమెకు ఏడుపు ఆగలే. ఏడిసింది, ఏడిసింది, రెండు చేతులతోని కండ్లు తుడుసుకొని..."

"ఆగు."

ఎవరు అన్నారో ముందు నాకు తెలియలేదు. ఆ గొంతు విని అంత కాలమైంది.

"మిర్చి చేతులతోని కండ్లు తుడుసుకుంటరా, పిచ్చిదానా?" అంది చిన్నత్త. గొంతు బొంగురుపోయి ఉంది. "కండ్లు పోతయి గదనే! రోజు ఈడనే కూసుంటవు. గది సుత తెల్వదా?"

పందిరి కింద ఒక్క చెయ్యీ కదల్లేదు. చిన్నత్త నావైపు తిరిగింది. రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని, భుజం పైకెత్తి, తల వంచి, రవిక చేతికి కన్ను అద్దుకుంది. తర్వాత రెండో భుజానికి రెండో కన్ను.

"గిట్ల తుడుసుకుంటరు" అంది.

రవిక రెండు వైపులా తడిసింది. ఘాటుకు వచ్చిన నీళ్లు కావని అక్కడున్న అందరికీ తెలుసు. నేనూ రోజూ అలాగే తుడుచుకునేదాన్ని. నా భుజానికి తెలిసిన సంగతి నా కథకు తెలియలేదు. సిగ్గుతో ముఖం కందిపోయినా, లోపల సంతోషం పట్టలేకపోయాను. చిన్నత్త నన్ను తిట్టింది! పాత చిన్నత్త తిట్టినట్టే తిట్టింది!

ముందుగా ఎవరు నవ్వారో గుర్తులేదు. అందరూ నవ్వారు. నవ్వుతూ భుజాలు ఎత్తి కళ్లు తుడుచుకున్నారు. వంటింటి గడపలో నాయినమ్మ చల్లచెంబు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇగ నువ్వే చెప్పు మరి" అంది ఎర్రకుక్కను తెచ్చినామె, మెల్లగా. "గుట్ట ఎక్కిందా? అమ్మోరిని ఏం అడిగింది?"

చిన్నత్త చేతిలో మిరపకాయ తొడిమె తుంచి కుప్పలో వేసింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఎక్కింది" అంది. "ఏదో అడగాలనే ఎల్లింది గని, అడిగేదంత తొవ్వలనే అరిగిపోయింది. కాళ్లతోని పాటు. ముంగటికి పోయి నిలవడి అమ్మోరి మొకం జూసింది. జూసి, 'అచ్చిన తల్లీ, నువ్వు మంచిగున్నవా?' అని అడిగింది."

"గంతేనా?" అన్నాను నేను.

"గంతే. ఆమెను ఎవలడుగుతరు పాపం? అందరు తమయే చెప్పుకుంటరు."

నాయినమ్మ గడపమీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

* * *

కల్లం ముగిసే వేళకు అవ్వ ముద్ఖేడ్ నుంచి వచ్చింది. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు, వరసంతా కూడబలుక్కున్నట్టు. ఆమె మామూలుగా కూర్చుని ముల్లెలు విప్పించింది. చిన్నత్త దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా, "నీది రేపియ్యి, బి..." అంటుండగానే చిన్నత్త అడ్డుపడింది.

"ఎందుకు రేపు? ఇయ్యాలనే ఇస్త. పొద్దుగాల అద్దంల జూసుకుంటే ముక్కుపుల్ల లేదు, అవ్వా. ఎప్పుడు తీసిన్నో యాదికి లేదు."

అవ్వ చేతిలో మిరపకాయ పడిపోయింది. అయినా గొంతు తొణకనీయలేదు. "అయితే?" అంది.

"అయితే ఏంది? ఇల్లంత ఎతికిన. బియ్యం డబ్బల దొరికింది. ఇన్నొద్దులు బియ్యం తిన్నోళ్లెవ్వరు దాన్ని మింగలే, గదే సంతోషం."

అవ్వ నవ్వుతూనే చిన్నత్తను మిర్చి చేతులతో ముట్టుకోవడానికి లేక, తన తలను ఆమె తలకు ఆనించింది. "ఇగ కథ నీదే, బిడ్డా. నేను ఇనుకుంట కూసుంట" అంది.

మామ వచ్చిన రోజు బస్సు దాకా నేనూ వెళ్లాను. ముక్కుపుల్ల పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది. దుఃఖం పోయిందని నేను చెప్పను. అది ఆమెతో పాటే బస్సెక్కింది. కానీ ఇప్పుడు ఆమెకు దానితో మాట్లాడటం వచ్చు. బస్సు కదులుతుంటే తల బయటపెట్టి అరిచింది:

"పిల్లా, రోజు ఒకటి జూసి పెట్టు! నేనచ్చినంక ముల్లె ఇప్పాలె!"

ఆమె వచ్చినప్పుడల్లా విప్పాను. ఆమె కూడా బాబ్లీ గోదారి ఒడ్డు ముచ్చట్లు మోసుకొచ్చేది. తర్వాత ఆమె కడుపున పుట్టిన పిల్లలు ఆ ముచ్చట్లలోనే పెరిగారు. నేను మరాఠీ బడిలో చదివి, పెళ్లయ్యాక తెలుగు అక్షరాలు దిద్దుకుని, కథలు రాయడం మొదలుపెట్టాను. నాందేడ్‌లో కూర్చుని తెలుగు కథ రాస్తుంటే ఎవరు చదువుతారని చాలామంది వేళాకోళం చేశారు. చిన్నత్తకు చదువు రాదు. నేను రాసింది ఆమెకు చదివి వినిపించేదాన్ని. తప్పు దొరికితే "ఆగు" అనేది. ఆమె ఆగమనని కథే నేను అచ్చుకు పంపేదాన్ని. ఇప్పుడు ఆమె లేదు, అవ్వ లేదు, కల్లం ఉన్న చోట ఎవరివో దుకాణాలు లేచాయి. ఎప్పుడైనా రాస్తూ రాస్తూ గుర్రమెక్కబోతే ఆ బొంగురు గొంతు నాకు వినిపిస్తూనే ఉంటుంది.

* * *

చెప్పడం అయ్యేసరికి బాల్కనీలో ఎండ పక్కింటి గోడకు పోయింది. మా మనవరాలు ఎప్పుడు కుర్చీ దిగిందో, నా ఎదురుగా చాపమీద కూర్చుని తొడిమెలు తీస్తోంది. నూనె రాసుకోలేదు. రాత్రికి తెలుస్తుంది దానికి. ఫోను కుర్చీలోనే బోర్లా పడి ఉంది.

"అమ్మమ్మా" అంది. "ఒకటి జూసిన. చిన్నదే."

"చెప్పు."

"పొద్దుగాల లిఫ్టుల ఒకామె. పైఅంతస్తుల కొత్తగ అచ్చిండ్రు గదా, వాళ్లామె. అద్దంల జూసుకుంట నవ్వుడు నేర్సుకుంటుంది. జర పెద్దగ, జర చిన్నగ, గట్ల. తలుపు తెరుసుకొని నేను కనవడంగనే ఆపేసింది."

నా చేతులు ఆగిపోయాయి. తల దానంతట అదే కొద్దిగా పక్కకు వంగింది.

"అయితే?" అన్నాను.

అది ఆలోచించింది. ఘాటుకు దాని కళ్లనిండా నీళ్లు. చెయ్యి కంటిదాకా వెళ్లి, అక్కడే ఆగింది. భుజం పైకెత్తి కన్ను తుడుచుకుని, "అయితే..." అని మొదలుపెట్టింది.